చీఫ్ తిట్టని రోజు

జలాంతర్గామి ఎలక్ట్రానిక్స్ శిక్షణ బడిలో కిందామీదా పడి చదివి ఫస్టు వచ్చాను. ఓడెక్కిన మొదటి రోజే మా చీఫ్ ఆ పొగరు దించేశాడు. "ఏరా ఫస్టుక్లాసూ, లైట్లు పోతే ఆ ఫ్యూజు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలవా?" అన్నాడు. తడిమి తప్పు పెట్టె చూపించాను. ఆ రోజు నుంచి నా పేరు ఫస్టుక్లాసే అయిపోయింది.

మా ఉద్యోగంలో బడి చదువు సగమే. ఓడలో ప్రతి గొట్టం, ప్రతి తీగ నేర్చుకుని చీఫ్‌ని ఒప్పిస్తేనే ఛాతీ మీదికి బ్యాడ్జీ వస్తుంది. అంట్లు తోమాలన్నా ముందు అది లేనివాణ్ణే పిలుస్తారు. చీఫ్ నన్ను మూడుసార్లు వెనక్కి పంపాడు. పంపిన ప్రతిసారీ చెవుల తుప్పు వదిలేలా తిట్టాడు. తిట్టడంలో ఆయనకి ఆయనే సాటి.

నీళ్ళ కింద ఉండగా ఇంటి కబుర్లు మాకు అందుతాయి. మేం మాత్రం బదులు పంపకూడదు, పంపితే మా జాడ తెలిసిపోతుంది. అందుకే బయల్దేరే ముందు కెప్టెన్ ఒక్కొక్కరినీ అడుగుతాడు: ఇంట్లో చెడు జరిగితే వెంటనే చెప్పాలా, ఒడ్డుకి చేరాక చెప్పాలా? ఎలాగూ ఓడని వెనక్కి తిప్పరు. "ఒడ్డుకి చేరాకేనండీ" అన్నాను. అప్పటికే మా అక్కకి గుండె ఆపరేషన్ ఖాయమైంది. అమ్మానాన్నా లేని నన్ను మిషన్ కుట్టి పెంచింది అక్కే. ఒడ్డు చేరేదాకా ఆమె నాకు బతికే ఉండాలనుకున్నాను. వచ్చిన కబుర్లు ముందు చూసేది చీఫ్. చెడ్డవైతే ఆయనా, కెప్టెనూ కడుపులో దాచుకోవాల్సిందే.

బావ పంపిన కబురు ఒకటి అందింది. "ఆపరేషన్ అయింది. మీ అక్క లేచి కూర్చుంది. నిన్ను గడ్డం గీసుకోమంటోంది." నేను గాల్లో తేలిపోయాను. తర్వాత మళ్ళీ కబురు లేదు. బావ బద్ధకం నాకు కొత్తేం కాదు, సరిపెట్టుకున్నాను.

ఆ రోజు భోజనాలయ్యాక చీఫ్ నాలుగో పరీక్షకి నీళ్ళలో చప్పుళ్ళు పట్టే సోనార్ యంత్రాల గదిలోకి పిలిచాడు. మోకాళ్ళు తగిలేంత ఇరుకు గది.

"ఈ పెట్టెలో చెయ్యి పెట్టేముందు ఏం చేస్తావు?"

"కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, మూత తీస్తానండీ."

అనగానే నాలిక కరుచుకున్నాను. కరెంటు ఆపినా కెపాసిటర్లలో నిలవ ఉండిపోతుంది. దాన్ని వదిలించకుండా ముట్టుకుంటే మనిషి మిగలడు. ఇదే మరిచిపోయిన ఒకణ్ణి చీఫ్ ఆ గది గుమ్మం తొక్కనివ్వలేదు. తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాను.

"సరే, బాగా చెప్పావు" అన్నాడు చీఫ్. జేబులోంచి బ్యాడ్జీ తీశాడు. నా మొహంకేసి చూడలేదు. "అన్నం తిన్నావా బాబూ?"

ఆయన నన్నెప్పుడూ అలా అడగలేదు. బాబూ అని పిలవనూ లేదు. వచ్చిన కబుర్లు ముందు చూసేది ఆయనేనని గుర్తొచ్చింది.

"చీఫ్, కెపాసిటర్ల సంగతి నేను చెప్పలేదండీ."

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎక్కడ దొరికిపోయాడో ఆయనకి అప్పుడు తెలిసింది.

"నన్ను ఫెయిల్ చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను, తిట్టండి."

చీఫ్ బ్యాడ్జీని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. లేచి నిలబడి గుడ్లురిమాడు. "దద్దమ్మా! బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావురా? నువ్విక్కడ మాడి మసైపోతే మీ అక్కకి..."

 గోడవైపు తిరిగి లేని దగ్గు దగ్గాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, అక్కడికి నాకేమీ కానట్టు.

"తప్పయిందండీ. సరిగ్గా చదువుకుని రేపొస్తాను" అన్నాను.

"రా. రేపు రా" అన్నాడు గోడతోనే.

బయట నడవలో ఎదురొచ్చినవాళ్ళ భుజాలు రాసుకుంటూ వెళ్ళాను. ఇంతమంది మధ్య ఒక్కడికీ చెప్పుకోలేను, ఎందుకంటే నాకేమీ తెలియదు కదా. ఏడ్చానంటే అక్క పోయినట్టే. పడకలోకి దూరి, తెర లాక్కుని, కెపాసిటర్ల పాఠం మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.