మగ్గం మీద చీర దిగేదాకా

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటర్ తెరమీద మీరు మురిసిపోయే ప్రతి బొమ్మా నా ఒంటి వేడిలో ఉడికిందే. పుట్టింది ఏదో విదేశీ కర్మాగారంలో. బతుకు వెళ్లదీసింది ధర్మవరంలో, నరసింహులు పట్టుచీరల అంగడి వెనక గదిలో. దుమ్ము, పట్టుపీచు, బజ్జీల నూనె అంటిన చేతులు. అసహ్యమంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాను.

ఆ గదిలో చౌడేశ్వరి చీరల అంచులకు డిజైన్లు గీసేది. ఆమె వాడే పాత ప్రోగ్రాం నాకు నేరుగా ఆజ్ఞలిచ్చేది. ఇంతలో కంప్యూటర్ లోపలి పెత్తందారు, దాన్ని కెర్నెల్ అంటారు, కొత్త రూపంలో వచ్చి, ఇకమీద నాతో ఎవరు మాట్లాడాలన్నా తన ద్వారానే రావాలంది. బాగానే ఉంది. కానీ దాన్ని ఎక్కించిన కంప్యూటర్ల రిపేరు కుర్రాడు కిశోర్ పాత దారి మూయకుండానే కొత్త దారి తెరిచాడు. ఒకే ఒరలో రెండు కత్తులు! పాత ప్రోగ్రామూ కెర్నెలూ ఒక్కసారే అరిస్తే నేనెవరి మాట వినాలి? తెర బిగుసుకుపోయింది. తిట్లు మాత్రం నాకు.

"పాతదాన్ని పీకేస్తే పీడ పోతాది" అంటూ కిశోర్ ఆ దారే తీసేశాడు. తెర తళతళలాడింది. చౌడేశ్వరి డిజైన్లు ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆ వారమే ఆమె భర్త ఓబులేసు మగ్గం మీద నెమలి అంచు చీర సగం నేసి ఉంది. మగ్గం మీద అంచు నడిపించే చిల్లుల అట్టల్లో, నెమలి తోక వచ్చేచోట ఎలుకలు కొరికేశాయి. డిజైన్ తెరిస్తేనే మళ్లీ అట్టలు కొట్టగలరు. లేకపోతే ఓబులేసు కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"నీ కొత్తది ఎంత బాగుంటే నాకేమప్పా? మా నెమలికి తోక యాడనించి తెచ్చేది?" అంది చౌడేశ్వరి.

"ఎప్పుడైనా మారాల్సిందే కదక్కా."

"మారుతాలే. మగ్గం మీద చీర దిగినాక మారుతా."

కిశోర్ తల గోక్కున్నాడు. చివరికి పాత దారిని మళ్లీ తెరిచి, అదీ కెర్నెల్‌ను అడిగే నా దగ్గరికి వచ్చేలా రాశాడు. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలి. ఈ పాటి మర్యాద మొదటే నేర్పి ఉంటే ఏం పోయేది? నెమలి తోక విప్పింది. చీర దిగింది.

"ఇది తాత్కాలికమేనక్కా" అన్నాడు. మనుషుల నోట ఆ మాట వింటే నాకు డోకొస్తుంది.

తర్వాత నా ఫ్యాన్ విరిగింది. ఎలుకలు కొరికిన అట్టలతోపాటు నన్ను గల్లా కింది బుట్టలో పడేశారు. నా చోట కొత్త కార్డు కూర్చుంది. ఆ తాత్కాలిక దారి మాత్రం అలాగే ఉంది. చౌడేశ్వరి ఇప్పటికీ దాని గుండానే నెమలిని తెరుస్తుంది.

నిన్న నరసింహులు ఆ నెమలి అంచు చీరే ఒకామె ముందు పరిచాడు.

"అంతా కొత్త కంప్యూటర్ డిజైనమ్మా! పాతదేదీ మా అంగట్లో పెట్టుకోము."

అంటూ కాలు చాపాడు. అది నా బుట్టకు తగిలింది.