గడియ ఎవరికి తీస్తుంది

కుళ్ళంటారా? అనుకోండి, నాకేం సిగ్గు లేదు. ఇన్నేళ్ళూ మా పిల్లకి ముక్కు తుడిచి, ముడ్డి కడిగి, బడిలో ఎవరినో కరిచిందని కబురొచ్చినప్పుడల్లా వెళ్ళి తలవంచుకుని నిలబడింది నేను. మా ఆయన ఈ మధ్యే పగటి డ్యూటీకి మారి సాయంత్రాలు ఇంటిపట్టున ఉంటున్నాడు. అంతే, పిల్ల కరవడం మానేసింది. కంచం విసిరికొట్టడం లేదు. పొద్దున్నే నవ్వుతూ లేస్తోంది. టీచరమ్మ నన్ను ఆపి మరీ, "మీవారు బంగారమండీ!" అంది. ఎదురింటి అక్కయ్యేమో, "పెట్టి పుట్టావే!" అంటూ బుగ్గలు నొక్కుకుంది. ఆయన ఒక్క జడ వేస్తే వీధి వీధంతా మురిసిపోతోంది. నేను వేసిన జడలన్నీ గాలికి పోయాయి కాబోలు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు మధ్యలో ఆగి లోపల జనం ఇరుక్కుంటే ముందు పానా పట్టుకోడు. తలుపు దగ్గర నిలబడి కబుర్లు మొదలుపెడతాడు. "ఇప్పుడు పైకెళ్ళి స్విచ్చి ఆపుతున్నానండీ. చిన్న చప్పుడొస్తుంది, కంగారు పడకండి" అంటాడు. పిల్ల అలిగి బాత్రూంలో గడియ పెట్టుకున్నా అదే వరస. బయట చతికిలబడి, "బఠాణీలు వలుస్తున్నా తల్లీ. ఇదిగో, ఇది పుచ్చు" అంటుంటాడు. ఎందుకేడుస్తున్నావని ఒక్క ముక్క అడగడు. కాసేపటికి అదే గడియ తీసుకుని వచ్చి ఆయన మెడకి వేలాడుతుంది. వంటింట్లోంచి అది చూస్తూ నేను గిన్నెలు ఎత్తి కుదేస్తుంటాను.

అందుకే మొన్న సెలవురోజు లేనిపోని పనులు చెప్పి ఆయన్ని బయటికి తరిమాను. ఇవాళైనా పిల్ల నాది కావాలి అనుకున్నాను. అదేమో, "నాన్నే వెయ్యాలి జడ!" అని పేచీ పెట్టి, నా చేతిలోంచి గింజుకుని పోయి బాత్రూంలో గడియ పెట్టేసుకుంది.

సరే, ఆయనకేనా చేతనయ్యేది? కుట్టుపని చేసుకునే దాన్ని కదా, ఒక చొక్కా పట్టుకుని నేనూ తలుపు దగ్గర కూలబడ్డాను.

"కాజాలు కుడుతున్నానమ్మా."

ఇంకో కాజా మొదలుపెట్టాను.

"అయ్యో, దారం తెగింది."

ఊహూ. ఇక నా నోరు నా మాట వినలేదు. "నాన్నకైతే తీస్తావు, నాకెందుకు తియ్యవే? నేనేం పాపం చేశానే?" అని తలుపు దబదబా బాదాను.

"నాన్న రావాలీ!" అని లోపల్నుంచి ఏడుస్తూ కేక.

అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి పోదామనుకున్నాను కానీ ఏడుపు ముంచుకొచ్చింది. చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. లోపల దాని ఏడుపు ఆగింది.

"అమ్మా, నువ్వూ చిన్నప్పుడు ఇలా గడియ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"మీ నాన్న బయట కూర్చున్నాడా?"

"లేదు. నేను లోపలున్నానని ఆయనకి తెలీనే తెలీదు."

"మరెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. ఆకలేసి నేనే వచ్చేశా."

ఆ మాట అనగానే కుళ్ళంతా పిల్ల మీదికి మళ్ళింది. కన్నకూతురి మీద! ఎంత అదృష్టమే నీది అని పళ్ళు కొరుక్కున్నాను.

గడియ తీసిన చప్పుడైంది. ఎర్రబడ్డ ముక్కుతో బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. నా చేతిలో చొక్కాతో ముక్కు తుడుచుకుంది.

"ఆ తాతతో నాకు కచ్చి. ఇంక మాట్లాడను" అంది.