కొమ్ము ఊడిన కోటు

చెల్లెమ్మగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. తొంభై దాటినా ఊరంతా ఆవిడని చెల్లెమ్మగారనే పిలుస్తుంది. ఎందుకంటే యుద్ధంలో కోటను కాపాడుతూ పోయిన వీరుడికి ఆవిడ స్వయానా చెల్లెలు. ఆయన ఆవిడకి రాసిన ఆఖరి ఉత్తరం మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. అందులోని ఒక వాక్యాన్ని ఊరు ఏనుగంత రాతి మీద చెక్కించుకుంది: "ప్రాణం పోయినా కోట వదలను."

అసలు గొడవంతా ఆ వాక్యంతోనే. అన్నయ్య రాసింది కోట కాదు, కోటు. చెల్లెమ్మ తనకోసం ముచ్చటపడి కుట్టుకున్న ఉన్ని కోటుని, సైన్యంలోకి వెళ్లే రోజు పొద్దున్నే తొడుక్కుని ఉడాయించాడు మహానుభావుడు. ఆవిడ ఉత్తరం మీద ఉత్తరం రాసి దులిపేసింది. దానికి జవాబు ఇది. తర్వాతెప్పుడో కాగితం మడత దగ్గర చిరిగి, ట పక్కనున్న కొమ్ము ఊడిపోయింది. అంతే, కోటు కాస్తా కోట అయి కూర్చుంది.

"మరి కింద 'చంకల దగ్గర కాస్త బిగుతుగా ఉంది' అని రాశాడు కదయ్యా!" అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంటే, అది శత్రువు రెండువైపులా బిగించిన ముట్టడి అన్నారు పండితులు. "జేబుల్లో వేరుశనగలు దాచుకున్నాను" అంటే గోడల్లో రహస్యపు గదులట! కోట చూపించే గైడు పిల్లలకి ఆ జేబులు చూపిస్తాడు కూడా. ఆవిడ అడ్డుపడినప్పుడల్లా ఉత్సవ సంఘంవాళ్లు "పెద్దావిడ, పాపం" అంటూ గ్లాసుడు మంచినీళ్లు చేతికిచ్చి కూర్చోబెట్టేవారు. మనిషన్నాక ఎన్ని నీళ్లని తాగుతుంది?

ఆ ఉత్తరానికి ఆవిడ జవాబు రాయలేదు. అలిగింది. అలక తీరేలోపే కబురొచ్చింది. ఇప్పుడు కళ్లు మసకబారి తనంతట తాను చదువుకోలేకపోతోంది. పోయేలోగా అన్నయ్య వెక్కిరింతని వెక్కిరింతగానే ఒక్కసారి చెవులారా వినాలి, అదొక్కటే కోరిక.

ఈ ఏడు స్మారకోత్సవం ఘనంగా చేయాలని ఉత్తరాన్ని బాగుచేయించడానికి ఇచ్చారు. కాగితాల డాక్టరమ్మ బల్లదీపం కింద దాన్ని తడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మెత్తబడ్డాక మడతని కుంచెతో నెమ్మదిగా విప్పింది. చెల్లెమ్మగారు పక్కనే కుర్చీలో కాపలా.

"బామ్మగారూ, ఇక్కడ వెంట్రుకంత ముక్క అంటుకుని ఉంది." డాక్టరమ్మ పట్టకారుతో దాన్ని పైకి తీసింది. "సిరా కూడా ఉందండీ. కొమ్ము!"

"నే చెప్పలే!" అని చెల్లెమ్మగారు కుర్చీలోంచి లేవబోయి, కర్ర అందక మళ్లీ కూలబడింది.

సంఘం అధ్యక్షుడు పరుగున వచ్చాడు. ముక్కని చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మగారూ, రాయి చెక్కించేశాం కదండీ! పోనీ, కొమ్ముకి వేరే వెండి పెట్టె చేయిద్దాం. పక్క గదిలో పెడదాం."

"నా అన్నయ్య కొమ్ముకి వేరు కాపురమా? నీ మొహం!"

"ఊడిన ముక్కని ఊడిన చోటే అంటించాలండీ. నా పని అదే," అంది డాక్టరమ్మ, అప్పటికే జిగురు కలుపుతూ.

ఉత్సవం రోజు మైదానం కిటకిటలాడింది. అధ్యక్షుడు గడుసువాడు. ఉత్తరాన్ని చేత్తో పట్టుకుని, కళ్లు ఆకాశం వైపు పెట్టి, కంఠతా వచ్చింది అప్పజెప్పబోయాడు.

"ఆగు నాయనా!" ముందు వరుసలోంచి కర్ర టకటకలాడింది. "కాగితం చూసి చదువు. లేదంటే నా ఉత్తరం నాకిచ్చెయ్, ఇంటికి పోతా."

వేలమంది చూస్తున్నారు. చేసేదిలేక కళ్లజోడు పెట్టుకున్నాడు.

"చెల్లీ, నువ్వెంత ఏడ్చినా సరే, ప్రాణం పోయినా కోట..." నీళ్లు నమిలాడు. "కోట... టు. కోటు వదలను."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చంకల దగ్గర... కాస్త బిగుతుగా ఉంది."

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. జేబులూ వేరుశనగలూ వచ్చేసరికి జనం కడుపు పట్టుకున్నారు. గైడైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ మొహం మీదకి లాక్కున్నాడు. అధ్యక్షుడికే నవ్వాగక ఆఖరి వాక్యం వణికింది: "ఇక్కడ మంచు పడుతోందే. కావాలంటే వచ్చి లాక్కో."

చెల్లెమ్మగారు కూడా నవ్వింది. పళ్లు లేని నోరు తెరిచి, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత కర్ర ఊతంతో లేచి, ఆ కాగితం వైపు తిరిగి నిలబడింది.

"వద్దులే అన్నయ్యా, నువ్వే వేసుకో. చలిగా ఉంటుంది," అంది. అంతలోనే కర్ర ఆడించింది. "జేబులు చింపావంటే మాత్రం ఊరుకోను."