ముప్పై ఒక్క సవరణలు

ఆరేళ్ళుగా తాను రాసిన ముప్పై ఒక్క సవరణల్లో ఒక్కదాని మీదా తన పేరు లేదని ఆమె సరిగ్గా ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందురోజు కనిపెట్టింది.

తప్పు చోట చూశాననుకుని మళ్ళీ వెతికింది. కోడ్ తనదే. ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డులను నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాములది. కార్డు పేరు కాపీ చేయడానికి పాతవాళ్ళు ముందు చోటంతా సున్నాలతో నింపి, పొడవు కొలిచి, అక్షరాలు ఎక్కించి, చివర మళ్ళీ ఓ సున్నా పెట్టేవారు. అవన్నీ చేసే ఫంక్షన్ ఒకటుండగా ఈ తతంగమెందుకని ఒక్కో డ్రైవరూ చదివి, నాలుగు లైన్లు తీసి ఒకటి పెట్టింది. పాపను ఒళ్ళో జోకొడుతూ ఒంటి చేత్తో టైప్ చేసినవి కొన్ని. "ఆ డబ్బా ముందు కూర్చుంటే ఇంట్లో పనులు వాటంతటవే అవుతాయా అమ్మాయ్" అని అత్తగారు దెప్పుతుంటే, అంట్లు తోమి వచ్చి పూర్తిచేసినవి కొన్ని.

పంపింది మాత్రం భర్త. సవరణలు పంపే మెయిలింగ్ లిస్టులో కొత్తవాళ్ళని పీక్కుతింటారనీ, ఆమె తట్టుకోలేదనీ, తాను పంపుతాననీ అన్నాడు. ఎంత ప్రేమో అని పొంగిపోయింది. ఆ డ్రైవర్ల బృందానికే అతన్ని పెద్దను చేసిన రోజు కేకు తెచ్చింది కూడా ఆమే.

సాయంత్రం అతను సోఫాలో కూర్చుని సాక్సు విప్పుతుంటే లాప్‌టాప్ ముందు పెట్టి, నా సవరణల మీద నా పేరేదని అడిగింది.

"అదా? సవరణలు పంపే టూల్‌ది తప్పు. పంపేవాడి పేరు దానంతటదే ఎక్కేస్తుంది" అన్నాడు, తెరవైపు చూడకుండానే.

అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇంకొకరు రాసింది పంపితే, రాసినవారి పేరును ఆ టూలే సవరణ వెళ్ళే ఈమెయిల్ మొదటి లైన్లో పెడుతుంది. అది పోవాలంటే ఎవరో ఆ ఈమెయిల్ తెరిచి ఆ లైన్ చెరపాలి. ముప్పై ఒక్కసార్లు.

"చేత్తో చెరిపావు కదూ" అంది.

అతను సాక్సు షూలో కుక్కాడు. లోపలి గదిలో అత్తగారి టీవీ గొంతు తగ్గింది. ఆమె తేదీలతో సహా చిత్తు ప్రతులన్నీ తన మెషిన్లో ఉన్నాయనీ, రేపు ఇంటర్వ్యూలో అవే చూపిస్తాననీ చెప్పింది.

"చూపించకు" అన్నాడు. లాప్‌టాప్ మూసేశాడు. "మొదటిసారి నీ పేరు చెరిపినప్పుడు ఒక్కసారికే అనుకున్నా. అందరూ మెచ్చుకున్నారు. ఇంకా రాయమన్నారు. కూర్చుంటే నాకు రాలేదే. నీకా ఉద్యోగం వస్తే నాకేమీ రాదని తెలిసిపోతుంది. రేపు ఇంటర్వ్యూలో నువ్వు తప్పాలని వారం నుంచీ కోరుకుంటున్నా."