వెనక్కి వెళ్లని డబ్బా

నేను ఒక చేపల డబ్బాను. సముద్రానికి అవతల, చేపను రేకులో బిగించి పరాయి దేశాలకు పంపే కర్మాగారంలో పుట్టాను. ఆ రోజు మూతలు బిగించే యంత్రం సరిగా పని చేయలేదు. నా అంచున సన్నని సందు మిగిలింది. చూసినవాడు చూడనట్టు పోయాడు. మనుషుల్లో అది మామూలే.

గుమ్మంలోకి తాజా చేప వచ్చే కాకినాడలో నన్ను కొన్నవాడు బుల్లబ్బాయి. ఎవరూ తాగని గాజు కప్పుల పక్కన, హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టాడు. కూతురికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు భోజనానికి వచ్చినప్పుడు నన్ను తెరిచి గొప్ప చూపించాలని అతని ఆశ.

ఈలోగా దుకాణం నుంచి ఫోను వచ్చింది. ఆ రకం డబ్బాల్లో విషం పుడుతోందట, కంపెనీ వెనక్కి తీసుకుంటోందట, తినొద్దన్నారు.

"రేటు పెరిగుంటాదే తాయారూ," అన్నాడు భార్యతో. "మన దగ్గర లాక్కుని ఇంకోడికి అమ్ముకుంటారు. నాకు తెలీదా వీళ్ల సంగతి."

"మూత ఉబ్బిందండీ. ఇచ్చేద్దాం."

"నిండుగా పెట్టాడే. మనోళ్లలా సగం గాలి నింపుతాడనుకున్నావా?"

నాలో నిండింది గాలే.

వియ్యంకుడు తనవాళ్లతో వచ్చి హాల్లో కూర్చున్నాడు. వంటింట్లో తాయారు నన్ను కోయగానే బుస్సుమన్నాను. అతిథికి పెట్టేముందు ఉప్పు చూడటం ఆ ఇంటి పద్ధతి. చూసేది ఎప్పుడూ ఆడదే. ఆమె చిన్న ముక్క నోట్లో వేసుకుంది. ముఖం చిట్లించింది. నాలో మిగిలిన చేపంతా పెరట్లో గొయ్యి తీసి పాతేసి, కోడికూర వడ్డించింది.

"పరువు తీశావు కదే," అన్నాడు వాళ్లు వెళ్లాక.

"పరువే పోయిందండీ. మనుషులు బాగానే ఇంటికెళ్లారు."

మర్నాడు ఆమె రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. నిద్ర చాలక అన్నాడు. నీళ్లు దిగడం లేదని గొంతు చూపించింది. అలక అన్నాడు. ఆస్పత్రి చేరేసరికి ఊపిరి ఆగింది.

"కంపెనీవాడు చంపేశాడండీ," అని పెద్దకర్మకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఫోను సంగతి మాత్రం చెప్పలేదు.

ఖాళీ డబ్బా అయినా ఇస్తే పరీక్షకు పంపుతామని దుకాణం మనిషి ఇంటికొచ్చాడు.

"ఎందుకిస్తానండీ? ఫారిన్ రేకు," అన్నాడు బుల్లబ్బాయి.

నన్ను కడిగి, ఇసుక నింపి, తాయారు ఫొటో ముందు పెట్టాడు. రోజూ పొద్దున నాలో అగరుబత్తి గుచ్చి కళ్లు తుడుచుకుంటాడు. ఆ తర్వాత నా మీది రంగు బొమ్మ వచ్చేవాళ్లకు కనిపించేలా నన్ను గుమ్మం వైపు తిప్పి పెడతాడు.