మూలన చిక్కిన అల్లుడు

"సంచి సర్దుకో నాయనా, నువ్విక చచ్చిన రాయివి," అన్నారు మామగారు.

గది మూలన కూర్చున్న ఇల్లరికపు అల్లుడు తలెత్తి చూశాడు. గళ్ల బల్ల మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆట కొత్తగా నేర్చుకున్న మామగారు దాని మొదటి సూత్రాన్ని ఇంట్లోనూ అమలు చేస్తున్నారు: పక్కనున్న ఖాళీలన్నీ ఎదుటివాళ్లు మూసేస్తే ఆ రాయిని బల్ల మీంచి తీసేయాలి. ఇప్పుడు అల్లుడికి ఒకపక్క అత్తగారు, ఇంకోపక్క బావమరిది కుర్చీలేసుకుని కూర్చున్నారు.

"నాలుగువైపులా మూయాలిగా మామయ్యా? వీళ్లు ఇద్దరేగా?"

"నట్టింట్లో అయితే నలుగురు కావాలి. మూలన రెండువైపులా గోడలేగా, ఇద్దరు చాలు. ఇంతకీ నిన్నక్కడ కూర్చోబెట్టిందెవరు?"

గుమ్మం దగ్గర, ముందే సర్దిన అతని సంచితో నిలబడి నవ్వాపుకుంటున్న భార్యను చూశాడు అల్లుడు. తన గురక మీద రాత్రి ఆమెతో జరిగిన గొడవ గుర్తొచ్చింది.

"ఫ్యాన్ గాలి ఇక్కడే బాగా తగులుతుందని... మీ అమ్మాయే మామయ్యా."