రెండు వైపుల కాపీ

2008 నవంబరు 22. ఆ రోజు ప్రకాశం, అతని భార్య రాహేలు బగారా అన్నం, దాల్చా తిన్నారు. చివర్లో వడ్డించిన ఎండు ఆప్రికాట్ల తీపి, ఖుబానీ కా మీఠా, రాహేలు రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంది. కెమెరా అద్దం తుడిచే ప్రతి ఉదయం ప్రకాశానికి ఆ తేదీ, ఆ తిండి గుర్తుకొస్తాయి. తుడిచే గుడ్డ ఆమె ఆ రోజు కట్టుకున్న లేత నీలం నూలు చీరలోది. ఎన్ని ఉతుకులు పడ్డా మెత్తబడిందే తప్ప చిరగలేదు.

ఆ రోజు హుస్సేనీ ఆలంలో ఒక పెళ్లివారింట మాంఝా. పెళ్లికూతురికి పసుపు పూసే ఆ వేడుకలో ఆడవాళ్ల వైపు మగవాడు కెమెరా పట్టుకుని వెళ్లడానికి లేదు. అందుకే పాతబస్తీలో పని దొరకాలంటే భార్యకు కెమెరా నేర్పక తప్పలేదు ప్రకాశానికి. నేర్చుకున్నాక ఆమె చెయ్యే అతని చేతికన్నా నిలకడగా ఉండేది. లోపల ఆమె తీస్తుంటే బయట వాకిట్లో చెప్పుల పక్కన కూర్చుని, తెర వెనక నవ్వులు వింటూ ఉండేవాడు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు ఆపారు. సంచీలో ఏముందన్నారు. క్యాసెట్ అని తెలిశాక, వేసి చూపించమన్నారు. రాహేలు సంచీని రోడ్డు పక్కన పెట్టి దాని మీద కూర్చుంది.

"ఆడోళ్ల వీడియో సార్ ఇది. పెండ్లిపిల్ల అమ్మకు మాటిచ్చిన. మీకు చూపియ్య."

బెదిరించారు, నవ్వారు, బండి కాగితాలు అడిగారు. ఆమె లేవలేదు. ప్రకాశం లైటు స్టాండు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. చివరికి వాళ్లలో పెద్దాయన ఒకడు విసుక్కుని పొమ్మన్నాడు. ఇంటికొచ్చాక రాహేలు మోకాళ్లకు నూనె రాసుకుంటూ, ఖుబానీలు ఎంతసేపు నానబెడతారో కనుక్కోవలసింది అని అంది. పోలీసుల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆమె పోయి ఆరేళ్లు. గల్లీ మూలనున్న దుకాణం మీద బోర్డు మాత్రం 'రాహేలు వీడియోస్' అనే ఉంది. పెళ్లిళ్లు ఇప్పుడు డ్రోన్లు ఉన్న కుర్రాళ్ల చేతికి పోయాయి. ప్రకాశానికి పాస్‌పోర్టు ఫోటోలు, అప్పుడప్పుడు ఒక బారసాల, చర్చిలో ఒక సమర్పణ పండుగ మిగిలాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ముప్పై ఏళ్లు కెమెరా మోసిన కుడి భుజం ఎడమ భుజంకన్నా కిందికి దిగిపోయింది. కెమెరాలోకి చూసేటప్పుడల్లా మూసి ఉంచిన ఎడమ కన్ను చుట్టూ ముడతలు ఎక్కువ. ఆ కన్ను వల్ల అతను ఎవరినో చూసి నవ్వబోతున్నట్టే ఉంటాడు.

అద్దం తుడిచాక మూత పెట్టలేదు. మూతను చొక్కా జేబులో వేసుకున్నాడు. పనికి బయల్దేరే రోజు అలవాటది. ఈ రోజు పని ఠాణాలో.

నిన్న సాయంత్రం కొత్త బ్యాటరీ ఎలా పనిచేస్తుందో చూద్దామని దుకాణం గడపలో కెమెరా భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటి అంజన్న బేగంబజార్ నుంచి స్టీలు గిన్నెల లోడుతో బండి తోసుకుంటూ వస్తున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆపారు. మొహానికి కట్టుకున్న తువ్వాలు తియ్యమని, ఫోటో తీయడానికి ట్యాబ్ ఎదురుగా పెట్టారు. నేనేం చేశానని ఫోటో అన్నాడు అంజన్న. వాళ్లలో ప్రహ్లాద్ అనే అతను అంజన్న మెడ పట్టుకుని చెంప మీద కొట్టాడు. బండి ఒరిగింది. గిన్నెలు గల్లీ పొడవునా దొర్లాయి. రెండో దెబ్బకు చెయ్యి లేచింది.

అప్పుడు ప్రకాశం నోట్లోంచి, తను అనుకోకుండానే, పెళ్లి మండపాల్లో వేలసార్లు అన్న మాట వచ్చింది.

"సార్, జర ఇటు చూడుండ్రి."

ప్రహ్లాద్ చూశాడు. కెమెరా కనపడగానే అతని చెయ్యి కూడా అలవాటు కొద్దీ తన పని తాను చేసింది. అంజన్న మెడ వదిలి మీసం సర్దుకుంది. ఏం జరుగుతోందో అతనికి అర్థమయ్యే లోపు మొహం తేటగా, నిండుగా ఫ్రేములో పడిపోయింది.

కాసేపటికి జీపు వచ్చింది. అంజన్నే కానిస్టేబులు మీద చెయ్యి చేసుకున్నాడని ఎక్కించుకుపోయారు. ఈ సాయంత్రంలోగా మేజిస్ట్రేటు ముందు పెడతారట. పెడితే జైలే. పొద్దున్నే ప్రకాశానికి ఠాణా నుంచి ఫోన్ వచ్చింది, కెమెరాతో సహా రమ్మని.

అంజన్న భార్య మహేశ్వరి చాయ్ గ్లాసు పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన కళ్లు. అయినా చాయ్‌లో చక్కెర తక్కువ వేయడం మరిచిపోలేదు.

"పోతవా బాపు?"

"పోకుంటే ఆల్లే వస్తరు. వచ్చినోళ్లకేసేందుకు మన తాన కుర్చీల్లేవు."

ఆమె నవ్వలేదు. "వీడియో తీసేయమంటరు నిన్ను. నువ్వు తీసేస్తే మా ఆయన ఇగ రాడు."

ప్రకాశం సొరుగులోంచి, రాత్రే ఆ వీడియో ఎక్కించి పెట్టిన రెండు పెన్‌డ్రైవ్‌లు తీశాడు. ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. రెండోది మూత పక్కనే జేబులో వేసుకున్నాడు. వెనక గల్లీలో ఉండే లాయరు కౌముది కోర్టుకు పోకముందే మొదటిది ఆమెకు అందాలని చెప్పాడు. కౌముది పెళ్లి తీసింది అతనే. మహేశ్వరి పెన్‌డ్రైవ్‌ను కొంగున ముడేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది.

చాయ్ తాగి, డాక్టరిచ్చిన గోలీ వేసుకుని బయల్దేరాడు. ఈ మధ్య నాలుగడుగులు గబగబా వేస్తే గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి ఆపుతున్నట్టుంటోంది. మధ్యలో పాన్ డబ్బా నీడలో ఆగాడు. డబ్బావాడు అడక్కుండానే స్టూలు ముందుకు జరిపాడు.

ఠాణా ఎదురుగా రోడ్డుకు ఇవతల నిలబడి కెమెరా భుజానికెత్తుకున్నాడు. ముందు గేటు మీది బోర్డు తీశాడు. గేటు దగ్గరున్న సెంట్రీ కేకేశాడు.

"ఏయ్, ఏం తీస్తున్నవ్?"

"బోర్డు సార్. పెండ్లిల గూడ ముందుగాల బోర్డే తీస్తం. ఏ హాలో తెల్వాలె గద."

"గిది పెండ్లా?"

"కాదు సార్. అయినా పిలిస్తెనే వచ్చిన."

ఇక్కడ వీడియో తీయొద్దన్నాడు సెంట్రీ. అట్లని ఎక్కడ రాసుందో చూపిస్తే దాన్ని కూడా తీస్తానన్నాడు ప్రకాశం. మర్యాదగానే అన్నాడు. సెంట్రీ నిజంగానే గోడ వైపు తిరిగి వెతికాడు. గోడ మీద లంచం అడిగితే ఎవరికి చెప్పాలో ఉంది. అరెస్టయిన మనిషికి ఏమేం హక్కులున్నాయో ఒక పెద్ద పలక మీద రాసి ఉంది. పలక సగాన్ని పాత స్కూటరు ఒకటి కప్పేసింది. ప్రకాశం ఒంగి, స్కూటరు పక్కనుంచి, చివరి వరుస దాకా నెమ్మదిగా తీశాడు. వంగి లేచేసరికి ఊపిరి అందలేదు. కెమెరా మాత్రం కదలనివ్వలేదు.

లోపల ఎస్సై చిన్నవాడు. బాగా చదువుకున్న మొహం, నిద్ర చాలని కళ్లు. పక్క బల్ల దగ్గర రూప అనే లేడీ కానిస్టేబుల్ ఏదో రాసుకుంటోంది. గోడవారన ప్రహ్లాద్ నిలబడి ఉన్నాడు. ఈ రోజు మీసం జోలికి పోలేదు. లాకప్పు కటకటాల వెనక అంజన్న మోకాళ్లు కనపడుతున్నాయి, మొహం కనపడలేదు.

కెమెరా బంద్ చెయ్యమన్నాడు ఎస్సై.

ప్రకాశం తలెత్తి గది మూలన పైకి చూశాడు. అక్కడ ఠాణావాళ్ల సొంత కెమెరా ఒకటి ఎర్రచుక్కతో వెలుగుతోంది.

"అది నన్ను తీస్తున్నది సార్. నాది మిమ్ముల తీస్తది. అది బంద్ అయితే నాది గూడ బంద్ జేస్త."

ఎస్సై కూడా పైకి చూశాడు, ఎప్పుడూ చూడనట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. ఈ వయసులో కేసులెందుకన్నాడు. డ్యూటీకి అడ్డం తగిలాడని రాస్తే కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరగాలో చెప్పాడు. నిన్నటి వీడియో ఇక్కడే, ఇప్పుడే తీసేసి ఇంటికి పొమ్మన్నాడు. ప్రకాశం ఒక చెయ్యి బల్లకు ఆనించాడు. అది చూసిందేమో, రూప లేచి తన కుర్చీని అతని వెనకకు జరిపింది. పోయి నిలబడే రాసుకోసాగింది. అతను కూర్చున్నాడు. కెమెరా ఒళ్లో పెట్టుకున్నాడు, ఎర్రచుక్క అలాగే ఉంది. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందిది?"

"మీ కాపీ సార్. పెండ్లి వీడియో రెండు దిక్కులా ఇయ్యాలె. పిల్ల వైపొకటి, పిలగాని వైపొకటి. ఒక్క దిక్కే ఇస్తే లొల్లి అయితది. మావోళ్ల కాపీ పొద్దుగాల్నే ఇచ్చిన. గిది మీది."

ఎస్సై పెన్‌డ్రైవ్‌ను కాసేపు చూసి కంప్యూటరుకు పెట్టాడు. చెంపదెబ్బ పేలింది. గిన్నెలు దొర్లిన చప్పుడు ఠాణా అంతా మోగింది. ఆ తర్వాత, జర ఇటు చూడుండ్రి అని ప్రకాశం గొంతు. తెర మీద ప్రహ్లాద్ తిరిగి చూసి మీసం సర్దుకున్నాడు. రూప ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎస్సై నవ్వలేదు గాని దవడ బిగించుకోవలసి వచ్చింది. ప్రహ్లాద్ నేల చూశాడు. అతని చెవులు ఎర్రబడటం గమనించి ప్రకాశం కెమెరాను కొంచెం పక్కకు తిప్పాడు. తీయవలసింది నిన్ననే తీశాడు.

మధ్యాహ్నం కౌముది నల్లకోటుతోనే వచ్చింది. పెన్‌డ్రైవ్ చూశానని, కోర్టులో కూడా అదే చూపిస్తానని ఎస్సైతో చెప్పింది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడారు. పొద్దు వాలుతుండగా పిలిచినప్పుడు వస్తానని అంజన్నతో ఒక నోటీసు మీద సంతకం పెట్టించుకుని వదిలేశారు. కేసు పోయిందో లేదో ఎవరూ చెప్పలేదు. మనిషి మాత్రం బయటికొచ్చాడు, చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక చెంప వాచి. ప్రకాశం కెమెరా ఎత్తాడు. నవ్వమనడానికి నోరు తెరిచి, ఆపుకున్నాడు. అంజన్న నవ్వలేదు. చెప్పులు కింద పెట్టి వేసుకున్నాడు, నడుం నిటారుగా చేశాడు, కెమెరా అద్దంలోకి సూటిగా చూశాడు.

వెనక మెట్ల మీదికి వచ్చి ఎస్సై అన్నాడు, "పెద్దమనిషీ, రేపట్నుంచి ఆ గల్లీల నీ కెమెరా కనపడొద్దు."

"దుకాణం అద్దంలనే ఉంటది సార్. పోతుంటె చూస్తుండుండ్రి."

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అంజన్న ఇంటిముందు జనం చేరారు. ఎవరో చాయ్‌లు పంచుతున్నారు. కూర్చోమని చెయ్యి పట్టుకున్నారు గాని ప్రకాశం నిలవలేదు. దుకాణం తెరిచి, ముక్కాలి స్టాండును అద్దం తలుపు వెనక నిలబెట్టాడు. కెమెరా దాని మీద బిగించాడు. బ్యాటరీ మీద ఆధారపడకుండా తీగను గోడ ప్లగ్గులో పెట్టాడు. గల్లీ రెండు చివరలూ ఫ్రేములో పడేదాకా అటూ ఇటూ జరిపాడు. అంజన్న ఇంటి గడప, ఒరిగిన బండి, ఇంకా ఎవరూ ఏరని ఒక గిన్నె కనపడ్డాయి. బటన్ నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది.

మహేశ్వరి కంచంలో అన్నం, టమాటా పప్పు, ఒక ఆమ్లెట్ పెట్టుకొచ్చింది. తెల్లారి నుంచి ఏం తినలేదు గద బాపు అంది. తింటానన్నాడు. ఇద్దరూ కాసేపు కెమెరా చిన్న తెరలో గల్లీని చూశారు. తన భర్త అందులో నడుస్తూ కనపడితే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా రాహేలు ఉంటే," అన్నాడు ప్రకాశం, "ఫ్రేము ఇంక జర కిందికి పెట్టమనేది. కాళ్లు కట్ అయితున్నయి."

తనే వంగి ఆ కాస్త సరిచేశాడు.

ఆమె ఖాళీ కంచం కోసం తిరిగి వచ్చేసరికి పప్పన్నం సగం తిని ఉంది. ఆమ్లెట్ మొత్తం అయిపోయింది. ప్రకాశం పాస్‌పోర్టు ఫోటోలకు జనం కూర్చునే స్టూలు మీద, నీలం తెరకు ఆనుకుని ఉన్నాడు. కుడి భుజం కిందికి దిగి, ఎడమ కన్ను మూసుకుని. రెండో కన్ను కూడా మూసుకుని ఉందని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గట్టిగా అరవలేదామె. మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతిని పట్టుకుని, అంజన్నను పిలిచింది.

సాయంత్రం దాకా కటకటాల వెనకున్న మనిషే వచ్చి అతన్ని రెండు చేతులతో ఎత్తి వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టాడు. చర్చి నుంచి సామ్యూల్ అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. కౌముది వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చొక్కా మారుస్తుంటే జేబులోంచి కెమెరా మూత జారి పడింది. మహేశ్వరి దాన్ని ఏరింది.

అందరూ వెనక గదిలోకి వెళ్లాక ఆమె ఒక్కతే ముందు గదిలోకి వచ్చింది. కెమెరా పక్కన నిలబడి, మూతను అద్దం దాకా తీసుకుపోయింది. చిన్న తెరలో గల్లీ, గడప, బండి. నడిచే వాళ్ల కాళ్లు కూడా పూర్తిగా కనపడుతున్నాయి. మూత పెట్టలేదు. దాన్ని అద్దం తుడిచే నీలం చీరముక్క మీద ఉంచింది. దీపం ఆర్పి, నిద్రపోయే మనిషి ఉన్న ఇంటి తలుపు మూసినట్టు, చప్పుడు కాకుండా అద్దం తలుపు దగ్గరికి లాగింది. లోపల చీకట్లో, గల్లీ వైపు చూస్తూ, ఆ ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.